కొత్త గడి

మహారాణిపేటలో మూడో అంతస్తు.
ఎవరి చేతికి కత్తి ఇవ్వొచ్చో తేల్చే కమిటీ.
ఏడుగురు సర్జన్లం, ఇద్దరు నర్సులు,
కుర్చీ అంచున వాసుపల్లి కాసులమ్మ:
పెదజాలారిపేట. పిత్తాశయం. రెండుసార్లు కోత.
మొదటిది నాదే.

ఫారంలో గడి చదివాను:
"ఇంతవరకు చేసిన ఆపరేషన్లు ఎన్ని?"
ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది.

"మా కాడ సరంగునలా అడగం బాబూ.
ఎన్నిమార్లు ఏటకెల్లాడో ఎవులు లెక్కెడతారు?
ఏ రోజు గాలి చూసి
పడవ ఎనక్కి తిప్పేసాడో,
అదడుగుతాం."

ఫ్యాను తిరుగుతోంది. హార్బరు వైపు ఓడ కూత.
కాసేపు ఎవరూ మినిట్స్ రాయలేదు.

నాలుగు వందల పన్నెండని నింపిన నా కాగితం మీద
తిప్పేసిన రోజుల కోసం వెతుక్కున్నాను.

ఒక్కటుంది.
ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు,
సిగ్గేసి.