ఎడం బుట్టలో ఐసు

నిలబడి ఉన్నప్పుడు యాభై రెండు వోల్టులు.
మీటరు అబద్ధం చెప్పదు,
అడిగినదానికి మాత్రమే చెబుతుంది.

తిత్లీలో కూలిన జీడిబట్టీ షెడ్డు ఇనుముతో చాసీ,
టెక్కలి తుక్కుకొట్లో కిలోల లెక్కన కొన్న ఇరుసు,
వెయ్యి వాట్లని బిళ్ల మీద రాసున్న మోటారు,
నాలుగు బ్యాటరీలు: రెండు కొత్తవి,
రెండు కొత్తవేనని అమ్మినవాడు ఒట్టేసినవి.
నా చేతి బండి.
మంచినీళ్లపేట రేవు నుంచి కాశీబుగ్గ సంత దాకా
దాలమ్మనీ, ఆమె రెండు చేపబుట్టల్నీ
పొద్దు పొడవకముందే చేర్చాలని ఒప్పందం.

చదును రోడ్డు మీద పెళ్లికొడుకు.
రైలుగేటు ముందరి మిట్ట దగ్గర
జ్వరమొచ్చిన ఎద్దు.
థ్రాటిల్ చివరంటా తిప్పినా మూలుగే తప్ప నడక లేదు.
ఒక చెయ్యి హ్యాండిల్ మీద ఉంచి, దిగి తోస్తుంటే
"దీనికన్నా నా నెత్తే నయం బావూ" అంది దాలమ్మ.

ఆ రాత్రే మోటారు విప్పాను.
ఇరవై ఏళ్లు పంపుసెట్లకి రాగి చుట్టిన వేళ్లివి,
నిమిరితే చాలు, కాలిన వార్నిష్ తెలిసిపోతుంది.
కాలలేదు.
చక్రం చేత్తో తిప్పుతుంటే హాల్ సెన్సార్లు మూడూ
బడిపిల్లల్లా వరసగా హాజరు పలికాయి.
పసుపు, ఆకుపచ్చ, నీలం తీగలు
మార్చి మార్చి ముప్పై ఆరు రకాలుగా కట్టాను.
కొన్నిటికి చక్రం వెనక్కి తిరిగింది,
కొన్నిటికి పూనకమొచ్చినట్టు ఊగింది,
ఒక్కదానికి పిల్లిలా నడిచింది.
అది మొదట నేను కట్టిందే.

కంట్రోలర్ని తిట్టాను.
అల్లుడు లోకనాథం ఫోన్లో
"బ్యాటరీలు పోయుంటాయి మావా" అన్నాడు.
పంపుసెట్టుకైనా మనిషికైనా అతనిది అదే మాట.

ఈ ఐదు రోజులూ దాలమ్మ ఒకటి చెబుతూనే ఉంది.
"ఎడం బుట్టలో ఐసు నిలవడం నేదు బావూ.
కుడి దాన్లో ఉంటంది. ఎడం దాన్లో నీళ్లే."
ఐసు ఫ్యాక్టరీ వాడి మోసం అన్నాను.
ఎండ అటుపక్క పడుతోందన్నాను.
మేం బయల్దేరేది రాత్రి మూడున్నరకి.

ఆరో రోజు మీటరు తీగలు పొడుగ్గా కట్టి
నా సీటు దాకా లాక్కున్నాను.
దాలమ్మ ఎక్కింది, బుట్టలు ఎక్కాయి, మిట్ట వచ్చింది.
బ్యాటరీ దగ్గర నలభై తొమ్మిది.
కంట్రోలర్ దగ్గర నలభై నాలుగు.
ఐదు వోల్టులు
రెండడుగుల తీగలో ఎక్కడో
టిక్కెట్టు తీయకుండా దిగిపోయాయి.

పలక ఎత్తాను.
సరిగ్గా ఎడం బుట్ట కింద, ఫ్యూజు పక్కన, లగ్గు.
ఉప్పుగాలికి చిలుం పట్టి,
తొడుగు కరిగి కారి, చుట్టూ చెక్క నల్లగా కమిలి.
నేను నొక్కిందే. గుర్తుంది:
కరెంటు పోయిన సాయంత్రం
క్రింపర్ అరువు తేవడానికి బద్ధకమేసి
పట్కారుతో నొక్కి, పైన టేపు చుట్టి
"ప్రస్తుతానికి" అనుకున్నాను.
ఆ ప్రస్తుతం అక్కడే కూర్చుని
మిట్ట ఎక్కాల్సిన బలంతో
కవళ్లనీ కానాగడతల్నీ వెచ్చబెడుతోంది.

ముసలమ్మ బుట్టలో చెయ్యి పెట్టి చెప్పింది.
నేను యాభై రెండు చూసి నమ్మాను.
బరువెత్తని పూట పలకరిస్తే
ఎవరు మాత్రం బాగానే ఉన్నామనరు?

తీగ కోసి, ఎర్రరాగి తేలేదాకా గీకి,
కొత్త లగ్గు, బట్టీ ఫిట్టరు బైరాగి ఇచ్చిన క్రింపర్, కాస్త గ్రీజు.
మర్నాడు మిట్ట మీద బండి ఆగలేదు.
ఎగిరిపోయిందని చెప్పను,
అర వోల్టు ఇంకా ఎక్కడో పోతోంది,
కుడి చక్రం బ్రేకు రాసుకుంటోంది, అది వేరే రోజు పని.
జీడిబట్టీల తొలి పొగ గొంతుకి తగిలే వేళకి
గేటు పడకముందే దాటేశాం.

సంత దగ్గర దాలమ్మ
ఎడం బుట్ట మీద గోనె ఎత్తి చూసింది.
ఐసు పలుకు పలుకుగా ఉంది.
నవ్వలేదు. కొంగుముడీ విప్పలేదు.
"ఐదు రోజుల ఐసు, రోజుకి నలభై.
ఇయాల కిరాయి అడక్కు" అని
తక్కెడ సర్దుకోడానికి వెళ్లిపోయింది.

షెడ్డు గోడ మీద సుద్దతో రాసుకున్న
వోల్టుల లెక్క కింద ఇంకో గీత గీశాను:
దాలమ్మకి బాకీ రెండు వందలు,
కిరాయి పోగా నూట పది.