ఇసుక చదును

బల్లారాట్‌లో అక్టోబరంటే వసంతమని పేరే.
వెండూరీ సరస్సు మీంచి వచ్చే గాలి
చెవిలో దూరి పళ్ళ దాకా పోతుంది.
ప్రతి శనివారం నాకు ఒకటే పని:
లాంగ్ జంప్ గుంత పక్కన
దంతె పట్టుకుని నిలబడటం,
ఎవరో దూకిన చోటుని
ఎవరూ దూకని చోటుగా చెయ్యటం.

క్లబ్బులో పిల్లలున్న ప్రతి ఇంటి నుంచీ
ఒకరు ఏదో ఒక పని చెయ్యాలి.
మా మనోజ్ఞ మానేసి రెండేళ్ళు.
మేకుల బూట్లు ఎవరికో ఇచ్చేసింది.
జాబితాలోంచి నా పేరు మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు,
కొట్టెయ్యమని నేనూ అడగలేదు.

ఇవాళ దూకేది టామ్సిన్ రడక్.
పందొమ్మిదేళ్ళు. వారమంతా టైర్ల షాపులో పని,
గోళ్ళ కింద నలుపు అలాగే ఉంది.
పోయినేడు ఈ పలక మీదే తొడ కండరం తెగినప్పుడు
ఆ చప్పుడు నేను విన్నాను,
తడిగుడ్డ చించినట్టు.
దాని గురించి మేమిద్దరం ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

మొదటి దూకు. ఎర్ర జెండా.
మైనం పట్టీ మీద బొటనవేలి గాటు, గోరంత.

రెండోది. పలక దాకా వచ్చి
దూకలేదు.
పరుగు పరుగునే ఇసుకలోకి నడిచిపోయింది,
బస్సు తప్పిపోయిన మనిషిలా.
కంచె అవతల నుంచి కోచ్
పిడికిలితో గుండె మీద కొట్టుకుని చూపించాడు.

ఆ సైగ నాకు తెలుసు.
మన భాషలో దానికో మాటుంది, గుండె రాయి చేసుకోమని.
బెండిగో పోటీ రోజు పొద్దున
మనోజ్ఞ బాత్రూంలో వాంతి చేసుకుంటుంటే
తలుపు ఇవతల నిలబడి అన్నాను ఆ మాట.
చేసుకుంది.
రాళ్ళు పరుగెత్తవని
నాకప్పుడు తట్టలేదు.

పదకొండేళ్ళుగా ఈ ఇసుకని తవ్వుతున్నాను, తడుపుతున్నాను,
ఎండిపోతే గట్టిపడుతుంది,
గట్టిపడితే మడమ విరుగుతుంది.
ఇంత చిన్న సంగతి
చేతులకి తెలిసింది, నోటికి తెలియలేదు.

మూడో దూకు. ఇదీ పోతే ఇంటికే.
గడియారం నిమిషం లెక్కపెడుతోంది.
టామ్సిన్ చప్పట్లు అడగలేదు, ఆకాశం చూడలేదు.
వంగి, నేల మీది తన గుర్తుని
అరడుగు వెనక్కి జరిపింది.
అంతమంది చూస్తుండగా, వెనక్కి.
మోకాలు వణకటం ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది,
దాన్ని ఆపే ప్రయత్నమేదీ చేస్తున్నట్టు లేదు,
వెంట వస్తానన్న చిన్నపిల్లని
సరే రా అన్నట్టుంది.

పరుగు.
పలక మోగింది.
గాల్లో ఉన్నంతసేపూ ఆమెకి బరువు లేదని అనుకోను,
దాన్ని ఎక్కడ దించాలో తెలుసంతే.

తెల్ల జెండా.
కానీ దిగుతూ తూలి, ఎడమచెయ్యి వెనక ఆనింది.
ఈ ఆటలో న్యాయం ఇంతే:
పాదాలు ఎంత దూరం వెళ్ళినా
టేపు మాత్రం ఆ చేతి దగ్గర్నుంచే.
అయిదు మీటర్ల పన్నెండు.
చెయ్యి పడకుంటే అయిదూ అరవై ఉండేది.

ఇసుకలో అయిదు వేళ్ళూ స్పష్టంగా ఉన్నాయి.
కాసేపు చూసింది.
నేను దంతె ఎత్తలేదు.
"తీసెయ్యి," అంది నవ్వి, "తర్వాతి పిల్ల చలికి వణుకుతోంది."
తీసేశాను.

ఇంటికొచ్చేసరికి మనోజ్ఞ వంటింట్లో
ఉల్లిపాయలు తరుగుతోంది.
ఎవరు గెలిచారంది.
నిజంగానే గుర్తులేదన్నాను.
బూట్లు బయటే దులుపు, ఇల్లంతా ఇసుక, అంది.

చెప్పాల్సిన మాట ఒకటుంది,
ఈసారి తలుపు అడ్డం లేకుండా.
గుమ్మంలో కూర్చుని లేసులు విప్పుతున్నాను,
నా గుర్తుని ఎంత వెనక్కి జరపాలో
కొలుచుకుంటూ.