ఎన్ని ఉతుకులకు

పుంటా అరెనాస్‌లో ముందు గాలి తలుపు తీస్తుంది,
మనిషి ఆ తర్వాత వస్తాడు.
అలాగే వచ్చాడు ఓయర్సున్,
పీతల ఫ్యాక్టరీ మేనేజరు,
చంకలో కాగితాల చుట్ట, మీసం మీద మంచు పలుకులు.

జాకెట్లు నలభై రెండు.
రొమ్ము మీద ఎర్ర పీత, నీలం అల,
వాటి కింద మనిషి పేరు.
జూలైలో పడవలు కదిలేలోగా కావాలి.

మూడు నమూనాలు బల్ల మీద పరిచాను.
కళ్ళతో కాదు, వేళ్ళతో చూడమన్నాను.

ఇది స్క్రీను. రంగుకో చట్రం.
పీతకొకటి, అలకొకటి, అక్కడికి చవకే.
పేర్లు కూడా ఇందులోనే అన్నావా
నలభై రెండు చట్రాలు, తడిసి మోపెడు.

ఇది దారం.
మాసినా మాట తప్పదు.
కానీ సూది దిగిన ప్రతిచోటా
వానజాకెట్టుకి ఓ కన్ను పడుతుంది,
వాన ఆ కన్ను వెతుక్కుంటూ వస్తుంది.
లోపల టేపు వేస్తాను. అయినా పూచీ లేదు.

ఇది వేడితో అతికేది.
పదిహేను సెకన్లు నొక్కితే చాలు.
కాస్త ఎక్కువైతే నైలాను
అలిగిన పిల్లలా మూతి ముడుస్తుంది.

ఇరవయ్యారేళ్ళుగా ఈ బల్ల ముందు నిలబడ్డవాళ్ళంతా
ఒకటే అడిగారు: ఎన్ని ఉతుకులకు ఆగుతుంది?
స్కూలు ఫుట్‌బాల్ జట్టూ అడిగింది,
శవపేటికలు చేసే కంపెనీ కూడా అడిగింది.

ఓయర్సున్ గొంతు తగ్గించాడు.
"పేరు మాత్రం ఊడొచ్చేలా ఉండాలి, దోన్యా ఎర్మీనియా.
నవంబరులో పీతలు సరి, మనుషులూ సరి.
జాకెట్లు మావి. వచ్చే ఏడు ఇంకెవరో."

పోయినేడు కుట్టించారట.
నయారెత్ అనే అమ్మాయి రెండో వారమే మానేసింది.
ఆ జాకెట్టు వ్లాదిమిర్‌కి ఇచ్చారు,
తలుపంత మనిషి, చిలోయే దీవి వాడు.
సీజనంతా నయారెత్ అనే పిలిచారు వాణ్ణి.
ఇప్పటికీ పలుకుతాడట.

నవ్వాను. నవ్వు మధ్యలోనే ఆగింది.
నా కుర్రాడు ఎలిసేయో వెనకనుంచి అన్నాడు:
ఊడదీయొచ్చు సార్, కానీ నీడ ఉండిపోతుంది.
అక్షరం కప్పినంత మేర గుడ్డ వెలవదు,
చుట్టూ వెలుస్తుంది.
ఎండలో పెట్టి చూస్తే పాత పేరు చదువుకోవచ్చు.

"ఎండా? ఇక్కడా?" అన్నాడు ఓయర్సున్.

పీతకీ అలకీ స్క్రీను, పేర్లకి వేడి అతుకు.
బేరం కుదిరింది, సగం డబ్బు బల్ల మీద పెట్టాడు.
తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.
"ఆ ఒక్కటీ... నాది మాత్రం దారంతో కుట్టు."

నీళ్ళు కారతాయి మరి, అన్నాను.
"నేను ఆఫీసులోనే ఉంటాను."

రాత్రి జాబితా ముందేసుకుని కూర్చున్నాను.
బార్రీయా. కార్కమో. మళ్ళీ బార్రీయా, చెల్లెలేమో.
నలభై రెండో గడి ఖాళీ,
ఇంకా ఎవరినీ పెట్టుకోలేదు కాబోలు.
పదిహేడో గడిలో వ్లాదిమిర్ అని టైపు చేసి ఉంది,
దాన్ని కొట్టేసి
బాల్ పెన్నుతో, లావుపాటి అక్షరాలతో, నయారెత్.

ఫోను చేశాను. తప్పు పడిందా?
ఓయర్సున్ ఆవులించాడు.
"వాడే రాశాడు. అదే వేసెయ్.
ఆ పేరే వాడికి అచ్చొచ్చిందట."

ఇన్నేళ్ళూ ఏ అచ్చు మన్నుతుందో చెప్పాను జనానికి,
ఏ అచ్చు అచ్చొస్తుందో నన్నెవరూ అడగలేదు,
అడిగినా నా దగ్గర నమూనా లేదు.

ముందు ఆ పదిహేడోదే ప్రెస్సులో పెట్టాను.
పదిహేను సెకన్లు.
చల్లారాక లాగాలి పై పొర. ఆగలేకపోయాను.
మొదటి అక్షరం కాలు వంకర పోయింది.

చిన్నగా తిట్టుకుని, గోటితో గీకి,
మళ్ళీ కోశాను.