పిండి పులిసే చోటు

లక్ష్మీపూర్ ఘాటీ మూడో మలుపులో
మెటాడోర్ ఒక్కసారి దగ్గి, నల్లగా ఉమ్మి, ఊరుకుంది.
మోకు కట్టి, లారీ వెనకాల
రాయగడ దాకా ఈడ్చుకొచ్చాం.
నకుల సాహు మూత ఎత్తి, టార్చి వేసి
పుట్టినబిడ్డ జాతకం చూసినట్టు చాలాసేపు చూసి
"బ్లాకు పగిలింది బాబూ, బోరు కొట్టినా లాభం నాస్తి" అన్నాడు,
సగం ఒడియా, సగం మన మాట.
చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే.

పద్దెనిమిదేళ్లు.
మునిగుడ సంత, కాశీపురం సంత, బిస్సంకటక్ సంత.
నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను,
తవిటమ్మ జాకెట్లకి కాజాలు తీస్తుంది.
వెనక బల్ల పరిస్తే మంచం, ఎత్తితే కొట్టు.
మీ ఇల్లెక్కడ అంటే
ఏ గేరులో ఉన్నామో చెప్పేవాళ్లం.

బరంపురం తుక్కులో దీని తోబుట్టువు ఉందట,
అదే వయసు, అదే గొంతు.
నెంబరు ఉండాల్సిన చోట ఆకురాయి గీతలు.
"అడక్కండి, కొనండి" అన్నాడు నకుల.
లేదూ, జీపు ఇంజను: ఘాటీని గడ్డిపరకంత లెక్కచెయ్యదు,
కానీ మన గేరుబాక్సుతో దానికి మేనరికం కుదరదు,
మధ్యన ఇనుప పళ్లెం పోయించాలి,
మూత నాలుగు వేళ్లు పైకి లేపాలి.
ఇక బుల్లి సరుకుబండిది ఉందే,
ఉగ్గుగిన్నెతో పోసినట్టు తాగుతుంది డీజిలు.
కొండ వస్తే మాత్రం మనం దిగి నడవాలి.

ఇంజనంటే బండికి గుండె అన్నాడు టీకొట్టు దివాకర్.
గుండె కాదు, కడుపు అన్నాడు నకుల:
ఏం తింటుందో, ఎంత తింటుందో చూసి తెచ్చుకోవాలి.
కాగితం మిల్లు కూత కూసేదాకా నేను
సిగరెట్టు పెట్టె వెనక లెక్కలు వేస్తూ కూర్చున్నాను.
మైలేజీ, వాయిదాలు, పళ్లెం కూలి.
ఎటు కూడినా ఒక సంత తక్కువ.

మూడు రోజులు మాట్లాడని తవిటమ్మ
నాలుగో పొద్దున ఖాళీ గిన్నెతో షెడ్డుకి వచ్చింది.
రెండు సీట్ల మధ్య ఇంజను మూత మీద జాన పెట్టి కొలిచింది.
"కోరాపుట్ చలిలో, ముంతలో నీళ్లు కొరుకుతుంటే,
ఈ మూతమీదే నా పిండి పులిసీది.
ఏ ఇంజనుకైతే పిండి పులుస్తాదో
అదెక్కించండి."

నకుల నవ్వలేదు.
స్క్రూడ్రైవరుతో చెవి వెనక గోక్కున్నాడు.
ముప్పయ్యేళ్లలో ఈ ప్రశ్న తనని ఎవరూ అడగలేదు.
"బుల్లిది వేడెక్కదమ్మా. జీపుది మరీ కాగుతుంది,
పిండి మూతమీదే ఇడ్లీ అయిపోద్ది.
అచ్చం పాత వేడి కావాలంటే, బరంపురందే."

"నెంబరు గీకేసిందా?
ఎవులింట్లోదో ఎత్తుకొచ్చిన పొయ్యి.
దాని మీద అట్టు నానొల్లను."

అంతే. జీపుది వచ్చింది.
పళ్లెం పోయడానికి పదకొండు రోజులు,
బండి పుస్తకంలో నెంబరు మార్పించడానికి రెండు సంతలు,
మజ్జిగౌరి గుడి ముందు ఒక కొబ్బరికాయ.
లేచిన మూత కింద నకుల
కొబ్బరిపీచు, రేకు, మళ్లీ పీచు పరిచాడు,
బాలింతకి పక్క వేసినట్టు.
"హెబ" అన్నాడు. ఏం అవుతుందో చెప్పలేదు.

ఆ రాత్రి ఘాటీ మూడో మలుపు
మేం చూడకముందే వెనక్కి పోయింది.
గొంతు కొత్తది. మాట్లాడుకోవాలంటే అరవాలి.
ఆపాక చాలాసేపు
లోపల ఇనుము చిటపటమంటూ చల్లారింది,
ఎవరో పరాయివాడు మన వాకిట్లో ఒళ్లు విరుచుకున్నట్టు.

తెల్లారి చూస్తే
గిన్నె మూత తోసుకుని పిండి పొంగి
గేరు రాడ్డు మీదుగా కారి ఆరిపోయింది.
తవిటమ్మ గోటితో గీరింది.
అట్లు పుల్లగా ఉన్నాయి.
ఇద్దరం తిన్నాం.
"రేపు ఇంకో రెండు గోనెలెయ్యాల" అంది.