మునిగిన ముక్క

ఒంగోలు ల్యాబులో బల్ల మీద
యూరియా సంచి విప్పింది మాలకొండమ్మ.
కొండపి బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకొచ్చిందట,
కండక్టరు అడిగితే దోసకాయలని చెప్పిందట.

ఏడో నెలలో ఈసుకుపోయింది.
ఒంటి మీద వెంట్రుక ఇంకా సరిగా రాలేదు.
గిట్టలకి మాత్రం మెత్తటి పసుప్పచ్చ తొడుగు,
లోపల తల్లికి గీరుకోకుండా.

కాలేయం మీద ఆవగింజలంత తెల్లచుక్కలు.
మాయ, నానిన తోలులా మందం.
ఊపిరితిత్తి కొంచెం కోసి గ్లాసు నీళ్లలో వేశాను.
మునిగింది.
గాలి ఎరగని ముక్క అలాగే మునుగుతుంది.
మిగతావి ఫార్మలిన్ సీసాల్లోకి,
ఆనక గాజుపలక మీద గులాబీ, ఊదా మరకలై
మా డాక్టరు కంటికిందికి.

"పెయ్యా, కోడెదూడా?"
కాయితంలో ఆ గడి ఉంది, నేనే నింపలేదు.
"పెయ్య."
"జున్నుపాలకి ముగ్గురు ముందే చెప్పున్నారు"
అంది, నవ్వబోయి.

"ఎవరు లాగారు?"
"నేనే. అర్ధరాత్రి ఇంకెవురుంటారు సారూ?"
గాజులు పైకి తోసి రెండు చేతులూ చూపించింది.
గడ్డి కోసిన గీతలు, కొన్ని ఇంకా పచ్చిగా.

నా చేతి తొడుగులు తీయబోతూ ఆగాను.
"సాయంత్రాలు జొరం వస్తోందా?"

సంచి మడతపెట్టుకుంటూ
"ఆవుకా?" అంది.