మిగిలిన చరణం

చీమకుర్తిలో, టైర్ల కొట్టు మీద మేడగది.
ముప్పై కుర్చీలు. నాకు మెట్టు దొరికింది.
ఎలమంద వచ్చాడు,
ఫోటోలో కన్నా పొట్టి, జేబులో కళ్లజోడు.
కంజిర మీద నీళ్లు చిలకరించి
"ఉక్కగా ఉంది గదబ్బయా" అన్నాడు, అంతే.

ఆయన కట్టిన ఆ పాట
నాలుగేళ్లుగా నా లారీలో ఉంది.
మెమరీ కార్డులోకి సగమే ఎక్కింది:
ఓబులేసు క్వారీలోకి దిగుతాడు,
మందు పేల్చే సైరన్ మోగుద్ది,
అక్కడ తెగిపోద్ది.
ఆ తెగిన చోట ఎన్నిసార్లు
అద్దం దించి గాలికి మొహం పెట్టానో.

ఇవ్వాళ సైరన్ ఆయన గొంతులోనే మోగింది.
నేను కటకటా పట్టుకున్నా.
ఎలమంద ఆగలేదు.
ఓబులేసు పైకొచ్చాడు
కనురెప్పల దాకా బూడిదరంగు దుమ్ముతో,
టీ అడిగాడు,
చక్కెర చాల్లేదని తిట్టాడు.

అందరూ నవ్వారు. వాళ్లకి ముందే తెలుసు.
బతికున్నోడికి నాలుగేళ్లు మైల పట్టింది
నేనొక్కణ్ణే.

దిగొచ్చి లారీలో కార్డు పెట్టా.
తెగే చోటే తెగింది.
పేర్నమిట్ట దాటేదాకా
మిగతాది నేనే పాడుకున్నా, శ్రుతి గాలికొదిలేసి,
చక్కెర దగ్గర మాత్రం
కాస్త గట్టిగా.