ప్రమాది

డిసెంబరు ముప్పై ఒకటి. జయనగర్ నాలుగో బ్లాకు,
బ్యాంకు కంప్యూటర్ గదిలో ఏసీ చలి.
ఏడాదికి రెండంకెలే చోటిచ్చారు ఎవరో, ఎప్పుడో,
జాగా ఖరీదని.
నేను వేసిన అతుకు ఇది:
నలభై లోపుంటే ముందు ఇరవై, లేదంటే పంతొమ్మిది.

జీతాల పట్టీ ఒక్క పేరు దగ్గర తట్టుకుంది.
వాచ్‌మన్ మునెప్ప. పుట్టింది 39.
యంత్రం లెక్కన
ఇంకో ముప్పై తొమ్మిదేళ్లకు గానీ పుట్టడు.

అప్పటికే ఫ్లాస్కుతో గుమ్మంలో ఉన్నాడు.
"ఏ ఏడు పుట్టావ్ మునెప్పా?"
"ప్రమాది అంటా ఉండె మాయమ్మ.
ఇదీ ప్రమాదే కదా సామీ, తిరిగొచ్చింది."
ఏ శతాబ్దమో చెప్పలేదు.
వాళ్లమ్మా చెప్పి ఉండదు.

కాఫీ పోసి వెళ్లాడు, తలుపు మెల్లగా లాగి.
నలభైని ముప్పై చేశాను.
బయట టపాకాయలు.
ముప్పయ్యో ఏట ఈ కుర్చీలో కూర్చునేదెవరో,
నన్ను తిట్టుకోనీ.